తల్లి మౌనము - బిడ్డ స్మృతి

మన కుటుంబములలో దస్తావేజులు రెండు విధములుగా నుండును. మొదటివి ఇనుపపెట్టెలో నుండును: క్రయపత్రములు, పట్టాలు, భాగపత్రములు, తనఖా రసీదులు. రెండవవి తల్లి మనస్సులో నుండును: ఎవరిని ఎందుకు దత్తు తెచ్చికొనిరి, ఏ ఆడబిడ్డ ఏ కారణమున పుట్టింటి గడప మరల త్రొక్కలేదు, ఏ పొలము ఎవరి కన్నీటితో చేతులు మారినది. మొదటివానికి చెద పట్టకుండ మనము పడు శ్రమలో పదియవ పాలైనను రెండవవానికై పడము. ఇంటి పెద్దావిడ కన్ను మూసిననాడు ఆ రెండవ దస్తరము మొత్తము చితిమీదనే కాలిపోవును. కర్మాంతరము ముగిసి, బంధువులు వెడలిపోయి, ఇల్లు నిశ్శబ్దమైన పిమ్మట మనకు తోచును: అయ్యో, ఒక్కమాట అడిగియుండవలసినది కదా అని.

ఈ అడుగకపోవుట, చెప్పకపోవుట అను వానిమీదనే నేటి ప్రపంచ సాహిత్యమున ఒక నవలాజాతి వెలసినది. అందు కథ రెండు కాలములలో నడచును. ఒక అధ్యాయమున నేటి కూతురు; తరువాతి అధ్యాయమున నలువది ఏండ్ల క్రిందటి తల్లి. రెండు కథలును రెండు కాలువలవలె వేరువేరుగా పారి, తుదకు ఒక్క తూమువద్ద కలియును. ఆ తూమువద్ద ఒక కుటుంబ రహస్యముండును. దానిని తెలిసికొన్న కూతురు పూర్వపు కూతురు కాదు. తల్లియు పూర్వపు తల్లి కాదు. ఇది పాశ్చాత్యులనుండి వచ్చిన క్రొత్త పద్ధతి యని మన విద్యావంతులలో పలువురు తలచుచున్నారు. ఈ తలపు సరికాదు. ఈ పద్ధతికి చెప్పుకొనదగిన ఉదాహరణ మొకటి నంద్యాల ప్రభువునకు అంకితమై తెలుగున వెలసినది. అంతకంటె ప్రాచీనమైన మరియొక కథ ఆళ్లగడ్డ సమీపమున, అహోబలపు కొండలలో, నేటికిని జనుల నోట సజీవముగా నున్నది. 2022 ఏప్రిలు వరకు కర్నూలు జిల్లాలో నుండి, ఇప్పుడు నంద్యాల జిల్లాగా ఏర్పడిన ఈ సీమవారు ఆ రెండు కథలను తమ సొంత ఆస్తిగా నెంచి మరల చదువవలసిన యవసరము కలదు.

మొదట నంద్యాల కథను చూతము. 16వ శతాబ్దమున ఆరవీటివారి శాఖకు చెందిన ప్రభువులు నంద్యాలను ఏలుచుండిరి. వారిలో కృష్ణరాజునకు పింగళి సూరన తన కళాపూర్ణోదయమును అంకితమిచ్చెను. ఆ కాలపు కవులు సామాన్యముగా పురాణములనుండి కథను గ్రహించి, వర్ణనలతో పెంచి ప్రబంధము చేయుచుండిరి. సూరన యట్లు చేయక, ఎనిమిది ఆశ్వాసముల కథను తానే కల్పించెను. స్పెయినుదేశమున డాన్ క్విక్సోటు నవల మొదటి భాగము వెలువడినది 1605లో. దానికి ముందే మన నంద్యాల ఆస్థానమున ఇట్టి కల్పితకథ వినబడినదని గుర్తుంచుకొనుట మంచిది. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914లో ప్రకటించిన కవిత్వతత్త్వ విచారమున సూరన కథాకల్పనను విశేషముగా చర్చించి, ఈ గ్రంథమును తెలుగు చదువరుల దృష్టికి మరల తెచ్చిరి.

కథలో మనకు కావలసిన ఘట్టమిది. కళాపూర్ణుడను రాజు కొలువుతీరి యుండును. అతనికి లోబడిన మదాశయుడను రాజును, అతని భార్య రూపానుభూతియు తమ పసికూన మధురలాలసతో నచ్చట నుందురు. రాజు ముచ్చటపడి ఒక మణిహారమును ఆ శిశువునకు ఇప్పించును. ఆ మణి శిశువు ఎదను తాకినంతనే, ఇంకను మాటలు రాని ఆ బిడ్డకు పూర్వజన్మ స్మృతి కలిగి, పెద్దవారివలె కథ చెప్పసాగును. తాను పూర్వజన్మమున ద్వారకలో కలభాషిణి యను వేశ్యాకన్య. ఎదుటనున్న రాజు పూర్వము నారదుని శిష్యుడైన మణికంధరుడు. వారిరువురి నడుమ నడచిన వలపులు, మారువేషములు, మోసములు, మరణము అన్నియు నా పసినోట వెలువడును. సభ విస్మయమున మునుగును.

ఈ ఘట్టమున అందరును శిశువునే చూతురు. ఒక్కసారి ఆ శిశువును ఒడిలో నిడుకొన్న తల్లిని చూడుడు. తాను నవమాసములు మోసి కన్న బిడ్డ తనకు తెలియని మరియొక జీవితమును గూర్చి, మరియొక ఊరిని గూర్చి చెప్పుచుండగా రూపానుభూతి మనస్సు ఎట్లుండెనో మనమే ఊహింపవలెను. బిడ్డ తన సొత్తు అని తలచు ప్రతి తల్లికిని ఏదో యొకనాడు ఇట్టి గడియ రాక తప్పదు. బిడ్డకు తల్లి యెరుగని ఆంతర్యము కలదు. తల్లికిని బిడ్డ యెరుగని యౌవనము కలదు. ఈ రెండు ఎరుగనితనముల నడుమనే సూరన తన కథను నిలిపెను.

ఇంతటితో ముగియలేదు. కథ వినుచున్న రాజుకును ఒక కుటుంబ రహస్యము కలదు. అతని తలిదండ్రులు మణిస్తంభుడు, సుముఖాసత్తి యను దంపతులు. వారు స్త్రీపురుషరూపములను మార్చుకొన్న పిమ్మట అతడు జన్మించెను. కావున అతని తల్లి పూర్వము పురుషుడు, తండ్రి పూర్వము స్త్రీ. ఆ దంపతులే మరింత పూర్వము కాశ్మీరమున శారదాపీఠము కడ శాలీనుడు, సుగాత్రి. ఇల్లరికము వచ్చిన శాలీనుడు నగలతో అలంకరించుకొని వచ్చిన భార్యను కన్నెత్తి చూడక, తోటపనిలో తనతో కూడ చెమటోడ్చిన భార్యను చూచి వలచెను. ఒక్క కొడుకు పుట్టుక వెనుక ఇన్ని కాలములు, ఇన్ని రూపములు, ఇంత ప్రణయము దాగియున్నది. కొడుకు సింహాసనముపై కూర్చున్నాడే కాని తాను ఏ కథనుండి పుట్టెనో చిరకాలము ఎరుగడు. మనలో ఎందరమెరుగుదుము?

మరియొక విశేషము. కళాపూర్ణుని కథ మొదట బ్రహ్మ సరస్వతికి ఏకాంతమున చెప్పినది. అది భూలోకమున చెప్పగూడని కథ యని కావ్యములోనే కట్టడి కలదు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షూల్మన్ గార్లు 2002లో ప్రకటించిన ఆంగ్లానువాదమునకు 'ఎన్నడును చెప్పరాని కథ' యను భావము వచ్చు ఉపశీర్షికనే యుంచిరి. భార్యాభర్తల ఏకాంతమున పుట్టిన మాట, చెప్పరాదన్న కట్టడి, తుదకు ఒక పసిబిడ్డ నోట బహిరంగమగుట: నేటి నవలాకారులు నానా ప్రయాసములు పడి కల్పించుచున్నది ఇదియే కదా.

ఇక నంద్యాలనుండి ఆళ్లగడ్డ మీదుగా అహోబలమునకు పోవుదము. దారి పొడవున నల్లమల కొండలు కన్నులకు తోడు వచ్చును. ఎగువ అహోబలమున నరసింహుడు వెడలిన స్తంభమని జనులు చెప్పుకొను ఉగ్రస్తంభము కలదు. బాలకుడు చదువుకొన్న తావని చెప్పు ప్రహ్లాదబడి కలదు. ఎఱ్ఱాప్రెగడ ఈ క్షేత్రకథనే నృసింహపురాణముగా రచించెను. స్తంభమును చూచుటకు పోవు యాత్రికులు గుంపులుగా నుందురు. నేను పాఠకులను ఆ బడి కడ కొంత తడవు ఆగుమని కోరుచున్నాను. ఏలయన ఈ కథలోని గొప్ప రహస్యము వెలువడినది స్తంభమునుండి కాదు. తోటి పిల్లలు అడిగిన ఒక్క ప్రశ్ననుండి.

భాగవతము సప్తమస్కంధమున ఆ ప్రశ్న కలదు. 'నీవు అంతఃపురమున పెరిగిన బాలుడవు. మనకందరకు ఉన్నది ఒక్కటే గురుకులము. నీకు నారదుని ఉపదేశము ఎట్లు దొరికినది' అని దైత్యబాలురు అడుగుదురు. అప్పుడు ప్రహ్లాదుడు తాను పుట్టకముందటి కాలమునకు కథను మరలించును. తండ్రి తపస్సునకు పోయినపుడు ఇంద్రుడు పట్టణముపై పడి, గర్భవతియైన రాణిని చెరపట్టి కొనిపోవుచుండెను. నారదుడు అడ్డగించి విడిపించి, ఆమెను తన ఆశ్రమమున కుంచి, భర్త వచ్చువరకు కాపాడెను. అచ్చట ఆమెకు ధర్మమును, జ్ఞానమును ఉపదేశించెను. గర్భమందలి శిశువు వినెను. కాలము గడచినది, తల్లి మరచినది, కుమారుడు మరువలేదు. సంస్కృతమున ఆమె పేరు కయాధువు. మన జనుల నోట లీలావతి.

కాలము చాల గడచుటచేతను, స్త్రీ యగుటచేతను తల్లికి ఆ స్మృతి పోయినదని అచ్చట కారణము చెప్పబడినది. పెద్దలయందు గౌరవమును విడువకయే ఈ మాటను ఒకింత విచారింతము. ఆమె నిజముగా మరచినదా? శత్రువు ఈడ్చుకొనిపోయిన దినమును, పరాయి ఆశ్రమమున దినములు లెక్కించిన కాలమును, తన కడుపులోని బిడ్డకై పడిన భయమును ఏ స్త్రీ మరచును? ఆమె తిరిగి వచ్చినది ఏ యింటికి? హరినామము వినినంతనే కత్తి దూయు భర్త యింటికి. అచ్చట ఆ ఉపదేశమును గుర్తుంచుకొన్నానని చెప్పుట తనకు ప్రాణాపాయము, బిడ్డకును ప్రాణాపాయము. అట్టి యింటిలో జ్ఞాపకమును బ్రతికించుకొనుటకు ఒక్కటే మార్గము: మరచినట్లుండుట. మనము తల్లుల మరపు అని పిలుచుచున్నది అనేక పర్యాయములు మరపు కాదు, మౌనము. గ్రంథకర్తలు ఈ రెంటికిని భేదము చూపకపోయి యుండవచ్చును. ఇండ్లలో పెరిగిన మనము చూపవలెను.

ఈ మౌనమునకు మన సీమలో ప్రత్యేకమైన కారణములు కలవు. రాయలసీమ పల్లెలలో కక్షలు ఎన్ని కుటుంబములను ఆర్పివేసినవో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. ఆ యిండ్లలో పురుషుల స్మృతి తరతరములకు అప్పగింపబడినది: ఏ యేట ఎవరు ఎవరిని ఏ వంకకడ కాచి కొట్టిరి, బాకీ యెంత మిగిలినది. ఆ లెక్కను ఏడేండ్ల బాలునకు కూడ నేర్పిరి. కాని ఆ రాత్రి వార్త వచ్చినపుడు పొయ్యిమీద ఏమి ఉడుకుచున్నదో, పసిపిల్లలను ఏ గాదె వెనుక దాచిరో, అటుపిమ్మట ఎన్నేండ్లు నిదుర రాలేదో తల్లులు చెప్పలేదు, ఎవరును అడుగలేదు. ఒక పక్షపు స్మృతిని మాత్రమే పిల్లలకు నేర్పుటచేత పగ వారసత్వమైనది. రెండవ స్మృతిని కూడ నేర్పియున్నచో అది కొన్ని యిండ్లలోనైనను ఆగియుండునేమో.

దాచుటయు ఒకప్పుడు మాతృప్రేమయే. నల్లమలకు ఆవలనున్న పల్నాటి కథలో ఐతాంబ తన కుమారుడు బాలచంద్రునకు యుద్ధవార్త తెలియకుండ, బొంగరముల ఆటలో ముంచి పెంచెను. బొంగరము తగిలి గాయపడిన స్త్రీ నోట ఆ రహస్యము బయటపడెను. బాలుడు కారెంపూడి రణరంగమునకు పోయి మరల రాలేదు. తల్లి దాచినది తప్పా? కాదు. కాని ఆమె చెప్పకున్నను ఊరు చెప్పును. తల్లి నోట వినిన నిజమునకు ఆమె కన్నీరును తోడుగా వచ్చి బిడ్డను ఒకింత ఆపును; పరుల నోట వినిన నిజము బిడ్డను బాణమువలె తోలుకొని పోవును. ఇదియే తేడా.

రెండవ కారణము ప్రతిష్ఠ. అహోబల నరసింహుడు చెంచులక్ష్మిని వరించెను. చెంచులు ఆయనను తమ యింటి అల్లునిగా నెంతురు. ఏటేట కనుమనాడు స్వామి పార్వేటకు బయలుదేరి, నలువది దినములకు పైగా చుట్టుపట్ల పల్లెలలో తిరిగి, తన పెండ్లికి జనులను తానే స్వయముగా పిలుచును. దేవుని రెండవ పెండ్లి ఊరూర పల్లకీలో ఊరేగును. కాని ఆ పల్లకీకి కొబ్బరికాయ కొట్టిన పెద్దమనుష్యులలో కొందరి రెండవ సంసారము ఊరి చివర ఒక పెంకుటింటిలో దీపము వెలిగీవెలుగక యుండినది. ఆ యింటి తల్లి పేరు వంశవృక్షమున లేదు. ఆమె బిడ్డలకు తండ్రి పేరు చెప్పుకొను హక్కు లేదు. పెద్ద యింటి తల్లికి అంతయు తెలియును, చెప్పదు. చిన్న యింటి తల్లికి అంతయు తెలియును, చెప్పరాదు. ఒక్క పురుషుని ప్రతిష్ఠను రెండు యిండ్ల స్త్రీల మౌనము మోసినది. నేటికి ఆ పురుషుడు లేడు. మౌనము మాత్రము ఆస్తివలె మనుమలకు సంక్రమించినది.

ఇట్టి సంక్రమణము బిడ్డను ఏమి చేయునో తెలుగు నవలలో బుచ్చిబాబు చూపెను. 1946-47లో నవోదయ పత్రికలో వెలువడిన 'చివరకు మిగిలేది' యందు దయానిధి విద్యావంతుడు, వైద్యుడు, బుద్ధిశాలి. ఐనను అతని తల్లి నడవడిని గూర్చి లోకము చెప్పుకొను మాటలు అతడు ఎచ్చటికి పోయినను అతనికంటె ముందుగా ఆ చోటికి చేరును. తల్లి యొక్క నిజమైన కథ ఏమో ఆమె నోట వినుభాగ్యము అతనికి లేదు. వినని కథయే వినిన కథకంటె బరువు. అమెరికాదేశమున టోనీ మారిసన్ 1987లో ప్రకటించిన 'బిలవెడ్' నవలకు మూలము 1856లో నిజముగా జరిగిన యొక ఘోరము. మార్గరెట్ గార్నర్ అను దాసి పిల్లలతో పారిపోయి, పట్టుకొనవచ్చినవారు ఇంటిని చుట్టుముట్టగా, మరల బానిసత్వమునకు అప్పగింపనొల్లక తన కూతురిని తానే చంపెను. నవలలోని తల్లి అట్టి జ్ఞాపకమును నోట పలుకక మోయును. మిగిలిన కూతురు ఆ మౌనములోనే పెరుగును. రెండు కాలములు ఒక్క యింటి కప్పు క్రింద కలసి కాపురము చేయును. ఆ రచయిత్రికి 1993లో నోబెలు బహుమానము వచ్చినది. నంద్యాల సూరనకును ఆమెకును నడుమ నాలుగు శతాబ్దములు, సప్తసముద్రములు కలవు. ఐనను ఇరువురును పట్టుకొన్న సత్యమొక్కటే: గతించిన కాలము గతింపలేదు, అది చెప్పువారికై వేచియున్నది.

ఇచ్చట కొందరు పెద్దలు ఆక్షేపింతురు. 'మానిన పుండును రేపుట ఏల? తల్లి దాచినదానిని త్రవ్వుట ధర్మమా?' అని. ఈ ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. తల్లి మౌనము ఆమె సొత్తు. బలవంతముగా దానిని విప్పించుటకు కొడుకునకు హక్కు లేదు. ఊరివారి యెదుట ఆమెను సాక్షిబోనులో నిలుపు సంతానము ఆమె కడుపున పుట్టినందుకు ఆమెయే సిగ్గుపడవలసి వచ్చును. ఐనను, మానిన పుండు వేరు, కట్టు క్రింద కుళ్లుచున్న పుండు వేరు. చెప్పుటకు ఆమెకు ఇచ్చ కలిగియు వినువారు లేక ఊరకున్నచో, ఆ దోషము మనది.

రెండు కాలముల కథను చెప్పు రచయితకు ఇచ్చటనే ఒక ధర్మము కలదు. తల్లి చేసినదానిని నేటి త్రాసులో తూచి తీర్పు చెప్పుట సులభము. ఆమె కాలమునకు తానే పోయి, ఆమె చేతిలో అప్పుడేమి యుండెను, ఏమి లేకుండెను, ఎవరి భయముండెను, ఎవరి అండ లేకపోయెను అని చూచి వచ్చుట కష్టము. కథను రెండు కాలములలో నడపుట యీ కష్టమునకే ఏర్పడిన సాధనము. రహస్యమును బయటపెట్టి చదువరిని ఉలికిపడజేయుట దాని పరమార్థము కాదు. సూరన కావ్యమున మధురలాలస అంతయు చెప్పిన పిమ్మట ఎవరును వెలిపడలేదు. పూర్వజన్మమున వేశ్యాకన్యయైనది ఈ జన్మమున రాణియైనది. చెప్పరాని కథ చెప్పబడినందున కులము కూలలేదు, విడిపోయినవారు కలసిరి.

కావున ఈ సీమయందలి గృహస్థులకు నా విన్నపమిది. మీ యింట అరువది దాటిన తల్లి గాని, అవ్వ గాని యున్నచో, ఒక సాయంకాలము తీరికగా ఆమె కడ కూర్చుండుడు. పొలములను గూర్చి కాక, ఆమెను గూర్చి అడుగుడు. పెండ్లికి ముందు ఆమెకు ఏ ఆట యిష్టము, ఏ చెలికత్తె యుండెను, బడి మానిపించిన దినమున ఏడ్చినదా, పోయిన బిడ్డకు పేరేమి పెట్టుకొన్నది. ఆమె చెప్పినంత వ్రాసికొనుడు. చెప్పనిదానిని ఒత్తిడి చేయకుడు. ఆమె వలదన్నది అచ్చువేయకుడు. చాలవరకు మొదటిదినము ఆమె, 'నాకేమి గుర్తున్నదిరా నాయనా' అనును. ఆ మాటను నమ్మి లేచి రాకుడు. మరునాడు మరల పోయి కూర్చుండుడు.

దైత్యబాలురకు చదువు రాకపోయినను ప్రశ్న వచ్చినది. ఆ ప్రశ్నయే లేకున్నచో ప్రహ్లాదుని తల్లి ఆశ్రమవాసము మనకు తెలియకపోయెడిది. అహోబలమునకు పోవువారు స్తంభమునకు మ్రొక్కి వచ్చునపుడు ఆ బడిని కూడ చూచి రండు. ఇంటికి చేరిన పిమ్మట, వాకిట కూర్చున్న తల్లిని ఒక్క మాట అడుగుడు.